టికెట్ కొనే ముందు ఒక లెక్క: వేసవి సెలవుల్లో థీమ్ పార్క్‌కు వెళ్తున్నారా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు అయ్యాక ఎక్కువ మంది నన్ను అడిగిన ప్రశ్న మార్కుల గురించి కాదు. "మేడమ్, సెలవులు ఇస్తే చాలు, వండర్‌లాకు పోదామని పిల్లలు ప్రాణం తీస్తున్నారు. హైదరాబాద్ పోతే మేలా, బెంగళూరు పోతే మేలా? టికెట్లు ఎట్లా తీసుకుంటే తక్కువ పడుతుంది?" అని.

ఇది నిజంగా లెక్కల ప్రశ్నే. శాతాలు, సగటు, కాలం, దూరం, అన్నీ ఇందులో ఉన్నాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు మేం చెప్పే పాఠాల్లో సగం ఈ ఒక్క టికెట్‌లో ఇమిడి ఉన్నాయి. అందుకే ఈ నెల మన ఇంటి లెక్కల పేజీని దీనికే ఇస్తున్నాను. చదివాక మీరు ఒక్కరే లెక్క వేయకండి. పిల్లల చేతికి పెన్ను ఇచ్చి వేయించండి.

మొదట నేను చేసిన తప్పు

గత దసరా సెలవుల్లో మేం ఆరుగురం ఒక పార్క్‌కు వెళ్లాం. మా అమ్మ, అక్క, బావ, వాళ్ల పిల్లలిద్దరు, నేను. పెద్దోడు ఏడో తరగతి, చిన్నదానికి ఐదేళ్లు. లెక్కల టీచర్‌ని నేనే కదా, టికెట్ల బాధ్యత నాకే అప్పగించారు. నేను ఏ లెక్కా వేయలేదు. ఆదివారం వెళ్లి, కౌంటర్ దగ్గర నిలబడి, అందరికీ టికెట్లు తీసుకున్నాను. పెద్దల టికెట్లు ఐదు, ఒక్కొక్కటి రూ.1,400. పిల్లల టికెట్ ఒకటి, రూ.1,100. మొత్తం రూ.8,100. లోపలికి అడుగు పెట్టేసరికి మధ్యాహ్నం 12:40.

సాయంత్రం ఇంటిదారిలో పెద్దోడు వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. వాడు తొమ్మిది రైడ్లు ఎక్కాడు. బావ ఆరు, చిన్నది ఐదు, నేను నాలుగు, అక్క రెండు. అమ్మ ఒక్కటి కూడా ఎక్కలేదు. మొత్తం 26. అంటే ఒక్కో రైడ్ సగటున రూ.311కు పైనే పడింది. మనిషి మనిషికి చూస్తే ఇంకా తేడా. పెద్దోడికి రైడ్‌కు సుమారు రూ.156, చిన్నదానికి రూ.220, అక్కకు రూ.700. "మరి అవ్వకు ఎంత పడింది చిన్నమ్మా?" అని వాడు అడిగాడు. రూ.1,400ను సున్నాతో భాగించమంటే ఏం చెప్తాం? సున్నాతో భాగించకూడదని క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన నేను ఆ రోజు జవాబు లేక కిటికీలోంచి బయటికి చూశాను.

అమ్మ మాత్రం, "మీరు ఎగురుతుంటే చూస్తి గదా, చాలు" అంది. ఆ మాట తర్వాత మళ్లీ చెప్పుకుందాం.

జాతర లెక్క వేరు, పార్క్ లెక్క వేరు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో రంగులరాట్నం ఎక్కితే దానికి డబ్బులు కడతాం. ఎక్కకపోతే కట్టం. అవ్వ కింద నిలబడి చూసినందుకు ఎవరూ డబ్బులు అడగరు. థీమ్ పార్క్‌లో అలా కాదు. గేటు దగ్గరే ఒకేసారి కట్టేస్తాం. లోపల పది రైడ్లు ఎక్కినా, ఒక్కటి ఎక్కినా అంతే.

అమెరికాలో డిస్నీల్యాండ్ 1955లో మొదలైనప్పుడు అక్కడ కూడా మన జాతర పద్ధతే ఉండేది. లోపలికి ఒక టికెట్, రైడ్లకు వేరే టికెట్లు. 1982లో వాటిని తీసేసి ఒకే టికెట్ పద్ధతికి వచ్చారు. ఇప్పుడు మన దగ్గరి పెద్ద పార్కులన్నీ దాదాపు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

దీన్నిబట్టి రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, గేటు దాటాక డబ్బు కాదు, సమయమే మన పెట్టుబడి. రెండు, రైడ్లు ఎక్కని మనిషికి కూడా పూర్తి ధర పడుతుంది. టికెట్ ఎంపికంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

హైదరాబాదా, బెంగళూరా?

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు రెండు దిక్కులా దారి ఉంది. బెంగళూరు వండర్‌లా 2005లో బిడది దగ్గర, మైసూరు రోడ్డు మీద మొదలైంది. హైదరాబాద్ వండర్‌లా 2016లో రావిర్యాల దగ్గర తెరిచారు. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. అది హైదరాబాద్‌కు అటువైపు, విజయవాడ హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర.

టికెట్ ధర ఒక్కటే చూసి ఊరు ఎంచుకోకండి. దారి ఖర్చు కలిపి చూడండి.

బెంగళూరుకు ఆదోని నుంచి నేరుగా రైలు ఉంది. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఆదోనిలో ఆగుతుంది. ఎమ్మిగనూరుకు రైల్వే స్టేషన్ లేదు కాబట్టి అక్కడివాళ్లు ఆదోనికో, మంత్రాలయం రోడ్డు స్టేషన్‌కో రావాలి. రాత్రి రైలెక్కి పొద్దున దిగేలా చూసుకుంటే ఒక రాత్రి లాడ్జి ఖర్చు తప్పుతుంది. మెజెస్టిక్ నుంచి పర్పుల్ లైన్ మెట్రో 2023 నుంచి చల్లఘట్ట దాకా నడుస్తోంది. అది మైసూరు రోడ్డు వైపే కాబట్టి బిడది దారిలో కొంత దూరం ఆటో ఖర్చు లేకుండా వెళ్లొచ్చు.

హైదరాబాద్‌కు కర్నూలు మీదుగా వెళ్లేవాళ్లే ఎక్కువ. కర్నూలు నుంచి సుమారు 210 కిలోమీటర్లు. సొంత కారులోనో, బాడుగ బండిలోనో వెళ్తే ఒక సౌకర్యం ఉంది. శంషాబాద్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే చాలు, సిటీ ట్రాఫిక్‌లోకి వెళ్లే పని లేకుండా వండర్‌లాకు చేరొచ్చు. రెండు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుంటే మనిషికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది.

బస్సులో వెళ్లేవాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఎక్స్‌ప్రెస్ బస్సుల వరకు మహిళలకు ఉచితం. కాబట్టి కర్నూలు దాకా అమ్మకు, అవ్వకు టికెట్ ఉండదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. కానీ రాష్ట్రం దాటే బస్సుల్లో ఇది చెల్లదు. తెలంగాణలోని మహాలక్ష్మి పథకం ఆ రాష్ట్ర మహిళలకే. కర్నూలు తర్వాత అందరికీ టికెట్ లెక్కలో వేసుకోవాలి.

రైలుకు వయసు, పార్క్‌కు ఎత్తు

చాలామంది పొరబడేది ఇక్కడే. రైల్లో పిల్లల టికెట్ వయసును బట్టి. ఐదేళ్ల లోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్త్ వద్దంటే సగం, కావాలంటే పూర్తి చార్జీ. ఈ పద్ధతి 2016 ఏప్రిల్ నుంచి ఉంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే తెరుస్తున్నారు.

థీమ్ పార్క్‌లో మాత్రం గేటు దగ్గర ఎత్తు కొలుస్తారు. వండర్‌లాలో 140 సెంటీమీటర్లు దాటితే వయసుతో పని లేకుండా పెద్దల టికెట్టే. కాబట్టి పదకొండేళ్ల పొడుగు పిల్లాడికి రైల్లో హాఫ్ టికెట్, పార్క్‌లో ఫుల్ టికెట్ పడొచ్చు. బయలుదేరే ముందు ఇంట్లో గోడకు ఆనించి టేపుతో కొలవండి. ఆ పార్క్ వెబ్‌సైట్‌లో ఎత్తు నిబంధన చూడండి. ఆన్‌లైన్‌లో పిల్లల టికెట్ తీసుకుని గేటు దగ్గర తేడా డబ్బులు కట్టడం కంటే ఇది నయం.

ఎత్తుకు ఇంకో కోణం ఉంది. పెద్ద రైడ్లకు కనీస ఎత్తు పెడతారు. అది డబ్బు కోసం కాదు. రైడ్‌లో పిల్లల్ని పట్టి ఉంచే బార్ ఆ ఎత్తుకు తగ్గట్టు తయారవుతుంది. పొట్టి పిల్లలకు అది సరిగ్గా పట్టదు. మీ చిన్నపిల్లలు ఏయే రైడ్లు ఎక్కగలరో ముందే చూసుకోండి. ఎక్కగలిగేవి నాలుగైదే అయితే, ఈ ఏడాది వద్దనుకుని రెండేళ్లు ఆగడం కూడా మంచి నిర్ణయమే. టికెట్ డబ్బులూ మిగులుతాయి, ఆశ పెట్టుకుని గేటు దగ్గర ఏడ్చే పనీ ఉండదు.

దసరాకు మేం వెళ్లినప్పుడు ఎత్తు కొలిచే చోట బావ మా పెద్దోడి చెవిలో ఏదో చెప్పాడు. వాడు మోకాళ్లు కొంచెం వంచి నిలబడ్డాడు. గేటు దగ్గరున్న ఆయన నవ్వి, "నిటారుగా నిలబడు బాబూ" అన్నాడు. 143 వచ్చింది. వెనక క్యూలో నలుగురు చూస్తున్నారు. వాడి ముఖం ఎర్రబడింది. పిల్లల టికెట్‌కూ పెద్దల టికెట్‌కూ తేడా రూ.300. మొదటి రెండు రైడ్ల దాకా వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. బావను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇంట్లోనే కొలిచి, ఆ రూ.300 ముందే లెక్కలో వేసి ఉంటే ఆ మాట చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ లెక్క వేయనిది నేనే.

ఒక కుటుంబం, రెండు ధరలు

ఇప్పుడు లెక్క చేద్దాం. అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలివి. అసలు ధరలు మీరు వెళ్లే తేదీకి వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

కుటుంబంలో ఐదుగురు. అమ్మ, నాన్న, ఎనిమిదో తరగతి అబ్బాయి (146 సెం.మీ.), మూడో తరగతి అమ్మాయి (122 సెం.మీ.), 66 ఏళ్ల అవ్వ.

మొదటి పద్ధతి: ఆదివారం, కౌంటర్‌లో. పెద్దల టికెట్ రూ.1,500 చొప్పున నాలుగు, రూ.6,000. పిల్లల టికెట్ రూ.1,200. మొత్తం రూ.7,200.

రెండో పద్ధతి: మామూలు రోజు, కొన్ని రోజుల ముందే ఆన్‌లైన్‌లో. పెద్దల టికెట్ రూ.1,200 చొప్పున మూడు, రూ.3,600. పిల్లల టికెట్ రూ.960. రెండూ కలిపి రూ.4,560. ముందస్తు బుకింగ్ తగ్గింపు 10 శాతం పోతే రూ.4,104. అవ్వకు సీనియర్ సిటిజన్ టికెట్ రూ.900. మొత్తం రూ.5,004.

తేడా రూ.2,196. అదే పార్క్, అవే రైడ్లు. మారింది తేదీ, కొన్న పద్ధతి మాత్రమే. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర రోజూ ఒకేలా ఉండదని మనకు తెలుసు. రద్దీని బట్టి పార్క్ టికెట్ కూడా అలాగే మారుతుంది.

కానీ లెక్క ఇక్కడితో ఆపకండి. నాన్నకు షాపు ఉంటే, మామూలు రోజు షాపు మూస్తే రోజు రాబడి పోతుంది. అది వెయ్యి రూపాయలు అనుకుంటే అసలు మిగిలేది రూ.1,196 మాత్రమే. మీ ఇంటికి ఏది సరిపోతుందో మీ లెక్కే చెప్పాలి.

మామూలు రోజుకు ఇంకో లాభం ఉంది. పార్క్‌లో ఏడు గంటలు గడుపుతాం అనుకుందాం. తిండికి, విశ్రాంతికి ఒక గంట తీసేస్తే 360 నిమిషాలు. రద్దీ రోజు క్యూతో కలిపి ఒక్కో రైడ్‌కు 45 నిమిషాలు పడితే ఎనిమిది రైడ్లు. రద్దీ లేని రోజు 20 నిమిషాలు పడితే పద్దెనిమిది. టికెట్ తక్కువ, రైడ్లు రెట్టింపు. క్యూ తప్పించే ఫాస్ట్ ట్రాక్ టికెట్‌కు చాలా ఎక్కువ కట్టాలి. రద్దీ లేని రోజు దాని అవసరమే ఉండదు. ఏ రోజు వెళ్లినా గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి.

ఆఫర్లను ఎలా చదవాలి?

మూడు కొంటే ఒకటి ఉచితం: వినడానికి బాగుంటుంది. నలుగురు వెళ్తే అది 25 శాతం తగ్గింపు. ఐదుగురు వెళ్తే నలుగురికి కట్టాలి కాబట్టి 20 శాతమే. అదే రోజు అందరికీ 22 శాతం తగ్గింపు ఇంకో ఆఫర్‌లో ఉంటే, ఐదుగురి కుటుంబానికి అదే మేలు.

ట్యాక్స్ కలిపా, విడిగానా: థీమ్ పార్క్ టికెట్ల మీద జీఎస్టీ 2017లో 28 శాతం ఉండేది. 2018 జనవరి నుంచి 18 శాతం. రూ.1,000 అని చూపించిన టికెట్ చివరికి రూ.1,180 కావొచ్చు. ఐదుగురికి రూ.900 తేడా. రెండు చోట్ల ధరలు పోల్చేటప్పుడు ట్యాక్స్ కలిపిన ధరలనే పోల్చండి.

కార్డులు, హాల్ టికెట్లు: పదో తరగతి, ఇంటర్ రాసిన పిల్లలకు హాల్ టికెట్ చూపిస్తే తగ్గింపు ఇచ్చే ఆఫర్‌ను వండర్‌లా వేసవిలో ప్రకటిస్తూ వచ్చింది. కాలేజీ ఐడీ మీద కూడా తగ్గింపు ఇస్తుంది. ఈ ఏడాది ఉన్నాయో లేదో, ఏ తేదీ వరకో చూసుకోండి. ఫోన్‌లో ఫోటో కాదు, అసలు కార్డు తీసుకెళ్లండి. సాధారణంగా ఒక తగ్గింపు మీద ఇంకో తగ్గింపు కలవదు. అందుకే మనిషికి ఏది ఎక్కువ తగ్గితే అది ఎంచుకోవాలి.

భోజనంతో కలిపిన కాంబో: బయటి తిండిని పార్కులు సాధారణంగా లోపలికి రానివ్వవు. అందుకని కాంబో మంచిదనిపిస్తుంది. పెద్ద ప్లేటు తినే అబ్బాయికి అది లాభమే. రెండు ముద్దలు తిని లేచే చిన్నపిల్లకు కాదు. అందరికీ ఒకేలా తీసుకోకండి.

బట్టలు, లాకర్: మనది పత్తి ఊరే కానీ నీళ్ల రైడ్లకు కాటన్ బట్టలు పనికిరావు. నైలాన్ బట్టలు ఇంటి నుంచే తీసుకెళ్తే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది. లాకర్ ఒక్కటి చాలేలా సామాను తగ్గించుకోండి.

వాట్సాప్‌లో వచ్చే "సగం ధరకే టికెట్లు" లింకులు నొక్కకండి. పార్క్ సొంత వెబ్‌సైట్, యాప్ లేదా కౌంటర్ దగ్గరే కొనండి. డబ్బులు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

లెక్కలో పట్టనివి

ఇప్పుడు మా అమ్మ మాట దగ్గరికి వద్దాం. మనవళ్లను చూసినందుకు ఆమెకు సంతోషమే. అందులో అబద్ధం లేదు. కానీ ఎండలో ఆరు గంటలు చెప్పులు, బ్యాగులు కాపలా కాసింది కూడా ఆమే. ఆ సంతోషం కోసం అంత కష్టం అక్కర్లేదని నాకు తర్వాత అర్థమైంది. వెళ్లే ముందు నేను ఆమెను అడగలేదు. మీరు అవ్వను, తాతను ముందే అడగండి. "రైడ్లు ఎక్కుతావా? కూర్చుని చూస్తావా? లేకపోతే ఇంకెక్కడికైనా పోదామా?" అని. పెద్దవాళ్లు ఎక్కువ ఉన్న కుటుంబానికి రామోజీ ఫిల్మ్ సిటీ లాంటిది నప్పొచ్చు. అక్కడ బస్సులో కూర్చుని సెట్టింగులు చూడొచ్చు. రైడ్ల కోసమే ప్రాణం పెట్టే పిల్లలున్న ఇంటికి వండర్‌లా నప్పుతుంది. ఎక్కువ మందికి పనికొచ్చేదే చవకైన టికెట్.

ఇంకో మాట కూడా చెప్పాలి. జూన్‌లో స్కూల్ తెరవగానే "సెలవుల్లో నేనేం చేశాను" అని వ్యాసం రాయించడం టీచర్లకు అలవాటు. ఒక ఏడాది ఒక పాప వ్యాసంలో రైడ్ల పేర్లన్నీ తప్పులేకుండా రాసింది. చదువుతుంటే అనుమానం వచ్చింది. ఎవరితో వెళ్లిందో, ఏం తిన్నదో ఒక్క ముక్క లేదు. యూట్యూబ్ వీడియోలు చూసి రాసింది. నేనేమీ అనలేదు. మంచి వ్యాసమని మార్కులు వేశాను. కానీ ఆ తర్వాత ఆ వ్యాసం ఎప్పుడూ రాయించలేదు. ఇప్పుడు "సెలవుల్లో మా ఇంట్లో ఒక రోజు" అని రాయిస్తున్నాను.

ఈ ఏడాది కుదరకపోతే కుదరలేదని పిల్లలకు దాపరికం లేకుండా చెప్పండి. పక్కింటివాళ్లు వెళ్లారని అప్పు చేసి వెళ్లకండి. ఆదోని కోట ఎక్కించండి. ఓర్వకల్లు రాతివనాలు, బెలూం గుహలు చూపించండి. బెలూంలో నేల కింద నడిచి వచ్చిన పిల్లలకు క్లాసులో చెప్పడానికి మాటలు తక్కువ పడవు.

ఈ నెల ఇంటి లెక్క

పిల్లలతో కలిసి ఒక నోట్‌బుక్ పేజీలో ఇవి రాయించండి.

1. ఇంట్లో అందరి ఎత్తు కొలిచి, ఎవరికి ఏ టికెట్ పడుతుందో రాయాలి. (3 నుంచి 5 తరగతులు)

2. రెండు వేర్వేరు తేదీలకు టికెట్ ధరలు చూసి, ట్యాక్స్ కలిపి మొత్తం ఎంతో, తేడా ఎంతో కట్టాలి. (6, 7 తరగతులు)

3. రూ.1,000 టికెట్‌కు ముందు 10 శాతం తగ్గించి తర్వాత 18 శాతం ట్యాక్స్ కలిపితే ఎంత? ముందు ట్యాక్స్ కలిపి తర్వాత తగ్గిస్తే ఎంత? రెండు జవాబులూ ఎందుకు అలా వచ్చాయో ఒక వాక్యంలో రాయాలి. (8 నుంచి 10 తరగతులు)

4. దారి, తిండి, టికెట్లు, లాకర్ కలిపి మొత్తం ఖర్చు వేసి, "నెలకు ఎంత దాచుకుంటే వచ్చే ఏడాది వెళ్లగలం?" అని తేల్చాలి. (అందరూ, అమ్మానాన్నలతో కలిసి)

నాలుగో ప్రశ్నకు పన్నెండుతో భాగిస్తే చాలు. భాగించి వచ్చిన అంకెను ఫ్రిజ్ మీద అతికించండి. మా అక్క ఇంట్లో అతికించారు. ఈసారి వెళ్లేటప్పుడు అమ్మను ముందే అడుగుతానని, తనను నిటారుగా నిలబెట్టి కొలుస్తానని పెద్దోడు నా చేత మాట తీసుకున్నాడు.

సెలవులు ఆనందంగా గడపండి. పిల్లలు వేసిన లెక్కలను జూన్‌లో క్లాసుకు పంపించండి. చూడాలని ఉంది.

— మీ మ్యాథ్స్ టీచర్, ఆదోని బ్రాంచ్